విశాఖ లైను

శ్రీకాకుళం జిల్లాలోని ఆ చిన్న పట్నం నుంచి విశాఖపట్నానికి ఒకటే ట్రంకు లైను ఉండేది. 1968 వేసవిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉన్న ఇద్దరు ఆపరేటర్లలో ఒకామె పురిటికి వెళ్లింది. ఆమె బదులు ఎవరినీ వెయ్యలేదు. నెలా పదిహేను రోజులుగా కాల్సు కలిపే రెండు బోర్డులూ మిగిలిన తాయారే చూస్తోంది. చెవులకి హెడ్‌ఫోను, రెండు చేతుల్లోనూ తీగలు, వెనకాల గడియారం చూసుకుంటూ సూపర్‌వైజరు జగన్నాధం. మంచినీళ్లకి లేచినా "ఎక్కడికమ్మా?" అనేవాడు.

ఇంటికి వెళ్లినా చెవుల్లో మోత ఆగేది కాదు. ఒకరోజు అన్నం తింటుంటే అత్తగారు దాలమ్మ ఏదో అడిగింది. "నంబరు చెప్పండి" అంది తాయారు. దాలమ్మ నవ్వలేదు.

"సెలవెట్టీయే అమ్మా. నీ సెయ్యి సూడు, ముద్ద నిలవడం నేదు."

సెలవు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కుదరదన్నాడు జగన్నాధం.

మూడోసారి కాదన్న మర్నాడు మధ్యాహ్నం కోటబొమ్మాళి దగ్గర పల్లె నుంచి కూర్మయ్య అనే రైతు వచ్చాడు. అతని తమ్ముణ్ణి లారీ గుద్దితే విశాఖ ఆస్పత్రిలో చేర్చారు. రెండు గంటలు బల్లమీద కూర్చున్నాక లైను దొరికితే, బయట గదిలోని ఫోను అందుకున్నాడు. అవతల డాక్టరు మాట్లాడుతుండగానే జగన్నాధం పరుగున వచ్చాడు.

"అది తీసెయ్! పెద్దాఫీసరుగారికి అర్జెంటు కాలు."

తాయారు తీగ లాగి ఆఫీసరుకి కలిపింది. కూర్మయ్య కంగారుగా బోర్డు గది కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, డాట్రుబాబు 'మీ తమ్ముడికి' అన్నాడు. అక్కడే తెగిపోనాది. ఆడు ఉన్నాడో నేదో సెప్పండమ్మా!"

"కొంచెం ఆగండి" అని, లైను సరిగ్గా కలిసిందో లేదోనని తాయారు విన్నది. పంపిన మామిడిపళ్లు అందాయా, ఎలా ఉన్నాయి అని ఆఫీసరు ఎవరినో అడుగుతున్నాడు. నవ్వుతున్నాడు. ఆరు నిమిషాలైంది. కూర్మయ్య కిటికీ ఊచలు వదలలేదు.

తాయారు ఆఫీసరు తీగ తీసేసి మళ్లీ ఆస్పత్రికి కలిపి, ఫోను ఎత్తమని కూర్మయ్యకి చెప్పింది.

"ఏటమ్మా ఇది? ఎవరి లైను తీసేవో తెలుసా?" జగన్నాధం కేకేశాడు.

"తెలుసండి. నేనే తీశాను. అలాగే రాసుకోండి."

తమ్ముడు బతికే ఉన్నాడు. కాలు తీసెయ్యాలి, ఇంటివాళ్ల ఒప్పుదల కోసం డాక్టరు చూస్తున్నాడు. "తీసీండి బాబూ, మనిషుంటే సాలు" అని కూర్మయ్య ఫోను పట్టుకునే ఏడ్చాడు.

వారం తిరక్కుండా సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. తాయారు జరిగింది దాచకుండా రాసింది. నలభై ఆరు రోజులు రెండు బోర్డులు ఒక్కదాన్నే చూశానని కూడా రాసింది. ఆ మాటకి జవాబు రాలేదు. పదిహేను రోజులు సస్పెండు చేశారు.

ఆ పదిహేను రోజులూ నిద్ర పట్టింది గాని మోత పోలేదు. కుడిచెవి సగం దెబ్బతిందనీ, ఇక బాగుపడదనీ డాక్టరు చెప్పాడు. టెలిగ్రాం కాగితాలు తీసుకునే కౌంటరుకి మార్చమని అర్జీ పెట్టుకుంది. మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఎడమచెవితోనే వింటూ, అవతలివాళ్లు చెప్పింది సరిగ్గా విన్నానో లేదోనని ప్రతి నంబరూ రెండుసార్లు అడుగుతూ పనిచేసింది.