గాలి తగలని స్నానాల గది

నేను ఒక గ్యాస్ గీజర్ని. గోడకు తగిలించిన తెల్లటి రేకు పెట్టెను, అంతే. లోపల ఒక రాగి గొట్టం మెలికలు తిరిగి ఉంటుంది. దాని కింద వరసగా సన్నటి మంట మూతులు. ముందువైపు చిన్న అద్దం, అందులోంచి నా మంట కనిపిస్తుంది. మీరు కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి నాలో ఒక మీట కదులుతుంది. అడుగున ఉన్న రెండు బ్యాటరీలు టకటకమని నిప్పురవ్వ కొడతాయి. గ్యాస్ అంటుకుంటుంది. చన్నీళ్ళు ఆ రాగి గొట్టంలో తిరిగి వచ్చేసరికి పొగలు కక్కుతుంటాయి. కరెంటు గీజర్లు అరగంట సేపు గుర్రుపెట్టి గానీ బకెట్టు నీళ్ళివ్వవు. ఈ మాట కొంచెం గొప్పగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

ఏదో ఊరి ఫ్యాక్టరీలో పుట్టాను. ఏ ఊరో నాకు తెలియదు, నన్ను అట్టపెట్టెలో పెట్టి మూత అంటించేశాక మళ్ళీ వెలుగు చూసింది మదనపల్లెలోనే. చలికాలం వస్తే మదనపల్లెలో నాలాంటి వాటికి మర్యాద ఎక్కువ. మే నెలలో మమ్మల్ని ఎవరూ కన్నెత్తి చూడరు. డిసెంబరులో మాత్రం మేమంటే ఇంట్లో అల్లుడికి కూడా అసూయ పుడుతుంది.

మొదట నన్ను కొన్నది సంజీవయ్య గారు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. దస్తావేజులు చదివి చదివి ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది, ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవనిదే కింద పెట్టరు. నాతో వచ్చిన సూచనల పుస్తకాన్ని రెండు సాయంత్రాలు కూర్చుని చదివారు. ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీశారు. భార్య వచ్చి నీళ్ళు కాగాయా అని అడిగితే ఇంకా పదకొండో పేజీలో ఉన్నానన్నారు.

నన్ను బిగించడానికి మస్తాన్ వలీ వచ్చాడు. బస్టాండు దగ్గర గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దుకాణం అతనిది. సంజీవయ్య గారు నన్ను స్నానాల గది లోపలే పెట్టిద్దామనుకున్నారు, చేతికి అందుబాటులో ఉంటుందని. మస్తాన్ వలీ ఒప్పుకోలేదు. నన్ను దొడ్డివైపు గోడకు బయట బిగించి, నీళ్ళ గొట్టం ఒక్కటే లోపలికి పంపాడు. ఎందుకయ్యా అంటే ఒక్కమాట చెప్పాడు.

“మంటకు గూడా ఊపిరి కావల్ల సార్. గది మూస్తే అది మన ఊపిరే తాగుతాది.”

సంజీవయ్య గారు ఆ మాటను పుస్తకం అట్ట మీద ఎర్రగా రాసుకున్నారు. పుస్తకంలో అదే సంగతి అరపేజీ ఉంది గానీ ఆయనకు ఇదే నచ్చింది.

ఆ ఇంట్లో నేను నాలుగు చలికాలాలు హాయిగా బతికాను. చలి మొదలయ్యే ముందు ఏటా మస్తాన్ వలీ వచ్చేవాడు. సబ్బు నురగ చేసి గ్యాస్ గొట్టం అతుకుల మీద పూసేవాడు. బుడగ లేస్తే అక్కడ గ్యాస్ కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసే మొనగాళ్ళు కూడా ఉంటారట, వాళ్ళ కనుబొమ్మలు ఎలా పోయాయో నవ్వుతూ చెప్పేవాడు. గొట్టం గట్టిపడినా, పగుళ్ళు కనిపించినా, దాని మీద వేసిన గడువు దాటినా మారు మాట లేకుండా మార్చేసేవాడు. మదనపల్లె బోరు నీళ్ళు సామాన్యమైనవి కావు, రాగి గొట్టంలో సున్నం పేరుస్తాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో దాన్ని కరిగించి కడిగేవాడు. మంట మూతులను చిన్న బ్రష్షుతో తోమేవాడు. చివరకు కుళాయి తిప్పి అద్దంలోకి వంగి చూసేవాడు. మంట నీలంగా, కదలకుండా నిలబడితే తల ఊపి, టీ తాగి వెళ్ళిపోయేవాడు. సంజీవయ్య గారు స్నానమయ్యాక స్వయంగా వచ్చి సిలిండర్ రెగ్యులేటర్ ఆపేసేవారు. ఆపారో లేదోనని మళ్ళీ ఒకసారి తువ్వాలుతో వచ్చి చూసేవారు. ఆయన చాదస్తానికి భార్యా పిల్లలూ విసుక్కునేవారు గానీ, నాకు ఆయనంటే ప్రాణం.

ఆయనకు అనంతపురం బదిలీ అయింది. అక్కడ నా అవసరం లేదు. నన్నూ, ఆ ఎర్ర గీతల పుస్తకాన్నీ కలిపి తెలిసిన కుర్రాడు హరినాథ్‌కు ఇచ్చేశారు. పుస్తకం చదవమని మూడుసార్లు చెప్పారు. హరినాథ్ మూడుసార్లూ తల ఊపాడు.

హరినాథ్‌కు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. వెంట్రుకంత తీగను అతికించగలిగిన చేతులు కదా, రెండు గొట్టాలు బిగించడానికి ఇంకొకడు ఎందుకనుకున్నాడు. ఫోన్‌లో వీడియో చూస్తూ ఒక ఆదివారం పొద్దున నన్ను తెచ్చి స్నానాల గది లోపల, కుళాయికి పైన బిగించాడు. సిలిండర్ మాత్రం బయట పెట్టాడు, అంతవరకు మెచ్చుకోవాలి. గదికి పైన ఒక చిన్న కిటికీ ఉంది. దానికి తలుపులు లేవు, ఇనుప కమ్మీలే. ఆ కిటికీ పుణ్యమా అని నాకు ఊపిరి ఆడేది, నా మంట నీలంగానే ఉండేది. సంజీవయ్య గారి పుస్తకాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచం కోడు కింద పెట్టారు. మంచం ఊగడం మానేసింది. ఆ పుస్తకం వల్ల ఆ ఇంట్లో జరిగిన మేలు అదొక్కటే.

హరినాథ్ అక్క సుజన. పురిటికి పుట్టింటికి వచ్చింది. నవంబరు చివర ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాటి నుంచి ఇల్లంతా వాళ్ళమ్మ నాగరత్నమ్మ గారి చేతుల్లోకి వెళ్ళిపోయింది.

నాగరత్నమ్మ గారు మంచి మనిషి. నేను ఈ కథంతా చెప్పేటప్పుడు మీరు ఆ సంగతి మరిచిపోకూడదు. కూతురికి వేళకు కాయం మందు, వేళకు వెల్లుల్లి కారం, చెవుల్లో దూది, తలకు మఫ్లర్. అన్నీ ఆవిడే చూసుకునేది. బాలింతకు గాలి తగలకూడదన్నది ఆవిడకు ప్రాణంతో సమానమైన నమ్మకం. ఆవిడ పురుళ్ళ నాడు ఆవిడ తల్లి కూడా అలాగే చూసుకుంది, ఆవిడ బతికి బట్టకట్టింది. అలాంటప్పుడు ఎవరు మాత్రం అనుమానిస్తారు? కాకపోతే అప్పుడు నీళ్ళు పెరట్లో రాళ్ళ పొయ్యి మీద కాగేవి. ఇప్పుడు మంట గదిలోకి వచ్చింది. ఆ తేడా ఆవిడ ఆలోచనలోకి రాలేదు.

మొదటి రోజే పాత దుప్పటి ఒకటి చించి కిటికీ కమ్మీలకు కుక్కింది. తలుపు కింద సందులోంచి చల్లగాలి వస్తోందని గోనెపట్టా అడ్డం పెట్టింది. ఆ తరువాత నన్ను వెలిగించింది.

పిల్లకు నీళ్ళు పోయడానికి గంగులమ్మ వచ్చేది. అరవై దగ్గర పడిన మనిషి. ఊళ్ళో ఎక్కడ పసిపిల్ల పుట్టినా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది ఆమే. తలుపు రెండుసార్లు తీస్తే గాలి రెండుసార్లు వస్తుందని నాగరత్నమ్మ గారు తల్లినీ పిల్లనూ ఒకేసారి లోపలికి పంపి, తలుపు వేసి, బయట నుంచి గోనెపట్టా సర్దేది. లోపల గంగులమ్మ ముందు పిల్లకు, తరువాత సుజనకు బకెట్టు మీద బకెట్టు నీళ్ళు పోసేది. అంతసేపూ నేను మండుతూనే ఉండాలి. ముందుగా బకెట్లు నింపి, నన్ను ఆపేసి, ఆ తరువాత మనుషులు లోపలికి వెళ్ళినా సరిపోయేది. చెప్పేదెవరు?

నాకు నోరు లేదు. ఉన్నదల్లా మంట రంగు. గాలి చాలకపోతే నా మంట నీలం పోగొట్టుకుని పసుపురంగుకు తిరుగుతుంది, నాలుకలు చాచి ఊగుతుంది, రాగి మీద మసి పడుతుంది. అప్పుడు నాలోంచి ఒక విషపు గాలి బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్ కారితే కుళ్ళిన కంపు కొట్టి పక్కింటివాళ్ళను కూడా లేపుతుంది. ఇది అలా కాదు, చాలా మర్యాదగా వచ్చి పక్కన కూర్చుంటుంది. మూడో రోజుకే నా మంట పసుపైంది. అద్దంలో అందరికీ కనిపించింది కూడా. కానీ కట్టెల పొయ్యి చూసి పెరిగిన కళ్ళకు పసుపు మంటే అసలైన మంట. ఒకరోజు నాగరత్నమ్మ గారు అద్దంలోకి చూసి, ఇప్పుడు బాగా మండుతోందని సంతోషించింది కూడా. నాకు భయం వేసింది.

సుజనకు తలనొప్పి మొదలైంది. స్నానమైన గంటకు వాంతి వచ్చేది. సాయంత్రానికి తేరుకునేది, మళ్ళీ మర్నాడు స్నానం కాగానే అదే వరస. పచ్చి ఒళ్ళు కదా, ఎక్కడో గాలి సోకిందని తల్లి తేల్చింది. దుప్పటిని ఇంకా గట్టిగా కుక్కింది. ఆ మర్నాడు దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. ఒళ్ళు నొప్పులు పోవాలని ఇంకో రెండు బకెట్లు ఎక్కువ పోయమంది. ఆ ఇంట్లో ప్రతి మందూ నన్ను ఇంకాసేపు మండించేదే. పిల్ల పాలు సరిగా తాగడం లేదని సుజన ఏడుస్తుంటే నేను గోడకు వేలాడుతూ విన్నాను. మేకు ఊడి కిందపడి పగిలిపోయినా బాగుండునని ఆ రోజు అనిపించింది.

మొదట అనుమానం వచ్చింది గంగులమ్మకు. ఆమెకు చదువు లేదు, తన తలే ఆమెకు సాక్ష్యం. ఒకరోజు పిల్లను గుడ్డలో చుట్టి ఇస్తూ నిదానంగా అంది.

“అక్కా, నేను నాలుగిండ్లల్లో పిల్లోళ్ళకు నీళ్ళు పోస్తా ఉండాను. యాడా రాని తలనొప్పి ఈ గదిలోనే వస్తా ఉండాది. ఆ దుప్పటి తీసేయండి.”

నాగరత్నమ్మ గారికి మనసు కష్టమైంది. మా ఇల్లు మంచిది కాదంటున్నావా అన్నట్టు చూసింది. బాలింత గదికి గాలి పెట్టమనే బుద్ధులు ఎక్కడ నేర్చుకున్నావని, వయసు మీద పడ్డాక తలనొప్పి రాక ఏమవుతుందని సమాధానం చెప్పింది. గంగులమ్మ మర్నాడు మానేస్తుందేమో అనుకున్నాను. పిల్ల కోసం వచ్చింది.

ఆ రోజు ముసురు పట్టింది. చలి ఎక్కువగా ఉందని నీళ్ళు ఇంకా వేడిగా పెట్టమన్నారు. పావుగంట గడిచేసరికి గది నిండా ఆవిరి, నా మంట పూర్తిగా పసుపు. సుజన పీట మీద కూర్చుని గోడకు తల ఆనించింది. గంగులమ్మ పిలిచింది. పలకలేదు. పీట మీద నుంచి మెల్లగా పక్కకు జారిపోయింది. గంగులమ్మ కాళ్ళ మీదున్న పిల్ల కూడా నీళ్ళు పడితే ఏడవడం లేదు, చేతులు వేలాడేసింది.

గంగులమ్మకూ కళ్ళు తిరుగుతున్నాయి, లేవబోయి గోడ పట్టుకుంది. ముందుగా చేయి చాచి కుళాయి కట్టేసింది. నా మంట ఆరింది. నా జీవితంలో ఆరిపోయినందుకు సంతోషించింది అదొక్కసారే. పిల్లను రొమ్ముకు హత్తుకుని భుజంతో తలుపును తోసింది. గోనెపట్టా ఈడ్చుకుంటూ తలుపు తెరుచుకుంది. తడి పిల్లను నాగరత్నమ్మ గారి చేతుల్లో పెట్టి వసారాలోకి పొమ్మంది. మళ్ళీ లోపలికి వచ్చి సుజనను చంకల కింద పట్టుకుని ఈడ్చుకుపోయింది.

ఆ తరువాత ఏం జరిగిందో నేను చూడలేదు, విన్నాను. వీధి తలుపు మూయబోతున్న చప్పుడైంది. పచ్చి బాలింతనూ, ఒంటి మీద గుడ్డ లేని పసిగుడ్డునూ ముసురు గాలిలో పెట్టడానికి ఆ తల్లి చేతులు రాలేదు. అప్పుడు గంగులమ్మ గొంతు వినిపించింది.

“మూయొద్దు అక్కా. గాలి తగలనీ. ఇప్పుడు బిడ్డకు గాలే కావల్ల.”

తలుపు చప్పుడు ఆగింది. నా లోపలి నీళ్ళు చుక్కచుక్కగా బకెట్టులో పడుతున్నాయి. ఎంతసేపో చెప్పలేను. ఆ తరువాత పిల్ల ఏడ్చింది. మొదట సన్నగా, తరువాత వీధంతా వినబడేలా.

ఆసుపత్రిలో తల్లికీ పిల్లకూ ఆక్సిజన్ పెట్టారట. స్నానం ఎక్కడ పోశారు, నీళ్ళు దేంతో కాచారు, కిటికీ ఉందా అని డాక్టరమ్మ వరసగా అడిగిందట. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే తన దాకా రావలసిన పని ఉండేది కాదందట. నాలుగో రోజు ఇద్దరూ క్షేమంగా ఇంటికి వచ్చారట. నేను అప్పటికే ఆ ఇంట్లో లేను.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ నాగరత్నమ్మ గారు ఒకటే చెప్పిందట, గీజర్ మంచిది కాదని, ఎవరో వాడిపారేసిన దాన్ని కొడుకు తెలియక తెచ్చాడని. దుప్పటి మాట ఎత్తలేదట. హరినాథ్ నన్ను ఊడదీసి మస్తాన్ వలీ దుకాణంలో పెట్టి, పాత ఇనుము కింద వేసేయమన్నాడు. మస్తాన్ వలీ నన్ను గుర్తుపట్టాడు. విప్పి చూశాడు. మసి దులిపి, గాలి ఆడే చోట వెలిగించి చూశాడు. మంట నీలంగా నిలబడింది. గదికి కిటికీ ఉందా బాబూ అని అడిగితే హరినాథ్ తల వంచుకున్నాడు. మస్తాన్ వలీ నన్ను ఇనుములో వేయకుండా గోడ మీది బల్ల మీద పెట్టుకున్నాడు.

అక్కడే ఉన్నాను. మాపైనా నిందలు పడతాయి, మాకు కోర్టులు లేవు. వేసవి వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ చలి తిరిగిన ఒక సాయంత్రం నాగరత్నమ్మ గారు దుకాణానికి వచ్చింది. చంకన మనవరాలు, వెంట పక్కింటి ఆవిడ. ఆ పక్కింటావిడ కూతురికి అది తొమ్మిదో నెల, ఇంటికి గ్యాస్ గీజర్ కావాలి. మస్తాన్ వలీ తన పాఠం మొదలుపెట్టాడు. బయట గోడకు బిగిస్తానన్నాడు. వాళ్ళ ఇంట్లో బయట గోడకు బిగించే చోటు లేదట, స్నానాల గదిలోనే పెట్టమంది ఆవిడ. అలాగైతే కుదరదు, చలికి కిటికీ మూసేస్తారన్నాడు. స్నానం చేసేంతసేపే, అదీ నెల రోజులే కదా కిటికీ మూసేది, బాలింతకు గాలి తగలకూడదు కదా అని ఆవిడ నాగరత్నమ్మ గారి వైపు తిరిగింది, నువ్వైనా చెప్పు అన్నట్టు.

నాగరత్నమ్మ గారు తల ఎత్తి బల్ల మీదున్న నన్ను చూసింది. గుర్తుపట్టిందని నాకు తెలిసింది. ఊళ్ళో ఏడాదిగా నన్ను తిట్టిన నోరు అది, ఇప్పుడేం అంటుందోనని చూస్తున్నాను. పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

“అదిగో, అది మా ఇంట్లోదే. దాంట్లో ఏ తప్పూ లేదు. కిటికీ మూసింది నేను,” అంది. “రోజూ నా చేతులతోనే మూసినాను.”

మస్తాన్ వలీ చేతిలోని పానా కింద పెట్టాడు. నా మీది నింద పోయింది, నేను సంతోషించాలి. కానీ ఆవిడ ముఖం చూస్తే నాకు సంతోషం రాలేదు. ఆ మాటను ఏడాది పాటు ఎక్కడ దాచుకుందో ఆ మనిషి.

కాసేపటికి పక్కింటి ఆవిడ మెల్లగా అడిగింది, మరి కిటికీ తీసి పెడితే బాలింతకు గాలి తగలదా అని.

“తగులుతాది,” అంది నాగరత్నమ్మ గారు. “జలుబు చేస్తాది. చెయ్యనీ.”