ఊరి నీళ్లు తాగినవాడు

ఊరి బయట ఏటిగట్టున పీరా కారు మూతిని బాటవైపు తిప్పి ఆపాడు. దిగి వెనక చక్రాల కింద రెండు రాళ్లు పెట్టాడు. అద్దాలు రెండు వేళ్ల సందు వదిలి ఎత్తాడు. లోపల పడుకున్నవాడికి గాలి ఆడాలి, బయటివాడి చెయ్యి మాత్రం దూరకూడదు. తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు. ఫొటోగ్రాఫరు గోపన్నతో వచ్చి ఆగిన ప్రతి తావులోనూ ఇదే తంతు.

పీరా యాభై దాటిన మనిషి. కిటికీవైపు ఉండే కుడి మోచెయ్యి ఎండకు మాడి, ఎడమదానికన్నా నల్లగా ఉంటుంది. పదేళ్లు బస్సు, మూడేళ్లు ఈ పాత కారు తోలినా చెప్పుకోదగ్గ పని ఒక్కటీ చెయ్యలేదు. ఎవరినీ గుద్దలేదు, ఏ వాగులోనూ దిగబడలేదు. డ్రైవరుకు అంతకన్నా గొప్పేముంటుంది గానీ, అలాంటివాణ్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కర్నూలు రాజధాని అయ్యాక గోపన్న స్టూడియోకు గిరాకీ పెరిగింది. ఈసారి మద్రాసు క్యాలెండరు కంపెనీకి తుంగభద్ర మీద తొలి ఎండ కావాలట. మంత్రాలయం సత్రంలో పడుకుని లేచి వస్తే ఆ ఎండ అందదు. అందుకే కార్లోనే పడక. గోపన్నకు కెమెరా వచ్చు, కారు తోలడం రాదు. నేర్పిస్తానంటే, "నువ్వుండావు గదా పీరన్నా," అనేవాడు.

పడకకు ముందు పీరా చేసే పని ఇంకొకటుంది. ఎద్దులబండి తోలిన తండ్రి నేర్పింది. పరాయి ఊళ్లో రాత్రి ఉండాల్సి వస్తే, మొదటి ఇంటికి పోయి నీళ్లడిగి, ఇచ్చినవాళ్ల కళ్లముందే తాగాలి. ఊరి నీళ్లు తాగినవాడికి ఊరే కాపలా.

ఆ సాయంత్రం నీళ్లకని బయలుదేరిన పీరా నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఊళ్లోకి పోయే బాటకు అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టి ఉంది. గిర్రున వెనక్కి వచ్చాడు.

"ఈడొద్దయ్యా. ఊర్లో గత్తర ఉండాది. వాంతులు, భేదులు. మనిషిని ఒక్కపూటలో పీల్చేస్తాది."

"ఇంగ యాడికి పోతాం పీరన్నా? కారుకుండేది ఒక్క దీపం. అదీ మిణుగురుపురుగు మాదిరి."

అదీ నిజమే. ఆ దీపంతో ఏటిగట్టున చీకట్లో పోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. అంతలో ఐదారుగురు కర్రలతో వచ్చారు.

"ఎవురప్పా మీరు? ఈ కాలంలో మా పొలిమేర్లో ఏం పని?" ముందున్న పెద్ద ఈరన్న అనే ఆసామి అడిగాడు. వాళ్ల మొహాల్లో కోపంకన్నా భయమే ఎక్కువ. ఆ వారం ముగ్గుర్ని పూడ్చిన ఊరది. రోగం పరాయివాళ్లే మోసుకొచ్చారని ఎవరో పుకారు పుట్టించారు.

పీరాకు తెలిసిన ఉపాయం ఒక్కటే.

"దప్పికైతాండాది పెద్దాయనా. రవ్వన్ని నీళ్లిప్పించు."

కర్రలు దిగాయి. మొదటి ఇంటి ముసలామె ఉరుకుందమ్మ ముంత తెచ్చింది.

"మా నీళ్లు తాగుతావా నాయనా? పక్కూరోళ్లు మా దిక్కు సూడను గూడా సూడరు."

ఆ మాట తర్వాత పీరా వెనక్కి తగ్గలేకపోయాడు. భయమేసింది. అయినా దోసిలి పట్టి, బిస్మిల్లా అనుకుని, అన్నీ తాగాడు. గోపన్న కూడా దోసిలి పట్టబోతే అడ్డుపడి, "అయ్యకు జలుబు. సన్నీళ్లు పడవు," అని అబద్ధమాడాడు.

"పండుకోండప్పా. మావోడొకడు ఈడ్నే ఉంటాడు," అన్నాడు పెద్ద ఈరన్న.

రాత్రి ఏ భయమూ లేకుండా గడిచింది. కోడికూతవేళ పీరాకు కడుపు తిప్పింది. ఏటివైపు ఒకసారి పోయాడు, రెండుసార్లు పోయాడు, తర్వాత లెక్క తప్పింది. తొలి ఎండను కెమెరాలో పట్టుకుని గోపన్న సంబరంగా వచ్చేసరికి, పీరా చక్రానికి వీపు ఆనించి కూలబడి ఉన్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. వేళ్లు నానబెట్టినట్టు ముడతలు పడ్డాయి.

"లే పీరన్నా. ఎమ్మిగనూరు ఆస్పత్రికి పోదాం."

"తోలేదెవురయ్యా?"

ఆ మాటకు గోపన్న బిక్కచచ్చిపోయాడు. ఎట్లాగో పీరాను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. ఎప్పటిలాగే పీరా చెప్పులు విడిచాడు. ఇంజను పలికింది గానీ, పిక్కలు పట్టేసి ఎడమకాలు కొయ్యబారింది. క్లచ్చి దిగలేదు. అతన్ని వెనకసీట్లోకి మార్చి గోపన్న ముందు కూర్చున్నాడు. పీరా గొణుగుతూ చెప్పాడు, గోపన్న తొక్కాడు. కారు మూడుసార్లు ఎగిరిపడి, మళ్లీ పలకలేదు.

పెద్ద ఈరన్న పరుగున పోయి ఎద్దుల్ని తెచ్చాడు. మోకుతో కారుకు కట్టి తోలాడు. ఊరు మాట తప్పలేదు. ఎద్దులు మాత్రం ఎద్దుల నడకే నడుస్తాయి కదా.

ఉరుకుందమ్మ కిటికీ పట్టుకుని పక్కనే నడిచింది. "నా సేత్తో పోస్తి గదా నాయనా," అని ఏడ్చింది.

"నేనడిగితేనే గదమ్మా," అన్నాడు పీరా. మూడేళ్లలో వెనకసీట్లో కూర్చోవడం అతనికి అదే మొదలు. కొంతసేపటికి జమీలాబీ అని పెళ్లాన్ని పిలిచాడు. ఆపైన, "స్టీరింగు గట్టిగా పట్టుకోయ్యా. ముందర మలుపుండాది," అన్నాడు.

మలుపు వచ్చింది. గోపన్న రెండు చేతులా తిప్పాడు. కారు బాట తప్పలేదు.

"తిప్పినా పీరన్నా, సూడు," అన్నాడు.

కిటికీలోంచి వెనకసీట్లోకి చూసి ఉరుకుందమ్మ నడక ఆపేసింది. పెద్ద ఈరన్న ఎద్దుల్ని నిలిపి తలగుడ్డ తీశాడు. గోపన్నకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. తల వంచుకున్నాడు. అతని పాదాల దగ్గర, క్లచ్చి పక్కన, మడమలు అరిగిన పీరా చెప్పులు జతగా ఉన్నాయి.