నడిమి ముక్క

జున్ను గిన్నె గీకడంలో నన్ను మించినవాళ్ళు మా వైపు లేరు. గిన్నెని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా తిప్పాలి. చెంచాని ఏటవాలుగా పట్టుకుంటే అంచుకంటిన పొర తెగకుండా చుట్టుకుంటూ వచ్చేస్తుంది. గట్టిగా నొక్కామా, గిన్నె కీచుమంటుంది, పక్క గదిలో మామగారు దగ్గుతారు. నేను కాపురానికొచ్చిన యేడాదే మా ఇంట్లో గేదె ఈనింది. జున్ను నేనే వండాను, నేనే కోశాను. మొదటి ముక్క దేవుడికి, తర్వాత మామగారికి, మా ఆయనకి, మరుదులకి, ఆ పూట అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ. పళ్ళెం ఖాళీ అయ్యాక నేను అటే చూస్తూ నిలబడ్డాను కాబోలు, మా అత్తగారు శ్యామలాంబ గారు ఖాళీ గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టి, "మా లోవమ్మకి గీకుడంటే ప్రాణం" అని అందరికీ వినబడేలా అన్నారు. అందరూ నవ్వారు. కొత్త కోడల్ని, నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నాకేది ఇష్టమో ఆ ఇంట్లో ఖాయమైపోయింది.

ఇక అక్కణ్ణుంచి అన్నీ నాకిష్టాలే. చేప తలకాయ నాకిష్టం, అడుగంటిన పాయసం నాకిష్టం, నిన్నటి పప్పు నాకు మరీ ఇష్టం. నన్నెవరూ తిట్టలేదు, కొట్టలేదు. పైగా ఎంతో ఆపేక్షగా పెట్టేవారు. మా ఆయన సత్తిరాజు గారైతే, తణుకు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ, ఎవరింటి నుంచి జున్ను వచ్చినా ముక్కలు తాను తినేసి, గిన్నెకి మూతపెట్టి, "నీకిష్టమని ఉంచానే" అని గొప్పగా చూపించేవారు. కోపం తెచ్చుకుందామన్నా సందు దొరకనంత ప్రేమ అది. అడిగితే ఏమని అడగను? నాకు ముక్క కావాలి అని నోరు విడిచి అడగడానికి సిగ్గు. అడక్కుండా పెట్టేవాళ్ళు లేరు. మనవలు పుట్టాక కూడా, జున్నుకి నడిమి ముక్క ఎలా ఉంటుందో తెలియని మనిషిని నేను.

ఆయన రిటైరయ్యాక రాజమండ్రి వచ్చేశాం. మా అమ్మాయి కూతురు శ్రీదుర్గ మా దగ్గరే ఉండి డిగ్రీ చదివేది. ఒకరోజు ఏదో ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూపించింది. చెక్క పీట మీద తెల్లవీ పచ్చవీ ముక్కలు, పక్కన ద్రాక్షపళ్ళు, ఎదురెదురుగా ఒక దొర, ఒక దొరసాని. ఆ ముక్కలేంటే అంటే చీజ్ అమ్మమ్మా, వాళ్ళ జున్ను అనుకో అంది. వాళ్ళేం చేస్తున్నారే అంటే డేట్ అంది. అంటే ఏంటంటే, ఇష్టమైన వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తీరిగ్గా తింటూ, నీకేది ఇష్టం నీకేది ఇష్టం అని ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకోవడమట. "నువ్వూ తాతయ్యా ఎప్పుడైనా అలా కూర్చున్నారా?" అనడిగింది. నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఒక్క పూటా గుర్తు రాలేదు. ఆయన కూర్చుంటే నేను నిలబడేదాన్ని. నేను కూర్చునేసరికి ఆయన గుర్రు పెట్టేవారు. సరే, ఆ పీటేదో మనమూ పెడదామే అన్నాను. పిల్ల సంబరపడింది. నాలో ఏం లేచిందో దానికి తెలియదు.

రైతు బజారు అప్పటికి కొత్త. ఇద్దరం సంచి పట్టుకుని పొద్దున్నే వెళ్ళాం. దోసకాయలు, దోర జామకాయలు, చక్రకేళీలు, తాటిబెల్లం కొన్నాం. కోరుకొండ వైపు నుంచి వంకాయలు తెచ్చే పాపాయి నాకు బాగా అలవాటు. తన గేదె ఈనిందని చెప్పి, గోనెపట్టా కింద నుంచి స్టీలు క్యాను తీసి నా చేతికిచ్చింది. జున్నుపాలకి డబ్బు తీసుకోకూడదట, తీసుకుంటే గేదె ఎండిపోతుందట. క్యాను మాత్రం కడక్కండి, ఉత్తది పంపకండి, పిడికెడు బియ్యమైనా వేయండి అంది. అది మాకూ ఉన్న ఆనవాయితీయే. ఊరికే మాట కలుపుతూ, మీ ఇంట్లో జున్ను నువ్వు బాగా తింటావేమో అన్నాను.

"భలేవారండి అమ్మగారూ. పిండేదాన్ని నేను, తినేది మా మావా, ఆయన జట్టోళ్ళూ. నాకు గేదె మొహం చూత్తేనే కడుపు నిండిపోద్దండి."

పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి నా మొహాన కూర్చున్న నవ్వే అది. ఇంటికొచ్చేటప్పుడు శ్రీదుర్గ ఏదేదో చెబుతూనే ఉంది, నాకొక్క ముక్కా చెవికెక్కలేదు.

రెండు రకాలు వండాను. ఒకటి బెల్లం, మిరియాలు వేసి. ఇంకొకటి పంచదార, యాలకులు వేసి. చల్లారాక అంచులు పక్కకు తీసేసి, నడిమి ముక్కలు మాత్రం పీట మీద పేర్చాను. ఆవగింజంత బొరియ కూడా లేకుండా నున్నగా, వెన్నలా ఉన్నాయి. చుట్టూ పళ్ళు సర్దింది శ్రీదుర్గ. వసారాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, తాతయ్యని కూర్చోబెట్టి, అది టైపు క్లాసుకి వెళ్ళిపోయింది.

ఆయన బెల్లం ముక్క తిన్నారు. పంచదార ముక్క తిన్నారు. బాగా కుదిరిందే అన్నారు. "అబ్బులునీ పెదబాబునీ రమ్మన్నాను, వాళ్ళిద్దరికీ చెరో నాలుగు ముక్కలు ఉంచు" అన్నారు. వాళ్ళు ఆయన పేకాట స్నేహితులు. ఆ మాట అని, ఆయనే లేచి వంటింట్లోకి వెళ్ళి, వండిన గిన్నెల్లో ఒకటి తెచ్చి ఆపేక్షగా నా ముందు పెట్టారు.

"ఇదిగో. నీ గీకుడు."

"నాకిదంటే ఇష్టమని మీకెవరు చెప్పారండి?"

ఆయన నా మొహంలోకి చూశారు. "అమ్మ చెప్పేది కదా."

"నన్నడిగారా ఎప్పుడైనా?"

"ఈ వయసులో జున్ను ముక్కకి పేచీ ఏంటే, నలుగురూ వింటే నవ్వుతారు."

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళ నవ్వుకి జడిసే కదా గిన్నె పట్టుకున్నాను. పీట నా వైపు లాక్కున్నాను. పంచదార ముక్క నోట్లో వేసుకున్నాను. మొహం మొత్తింది. ఇది నాకు నచ్చలేదని పైకే చెప్పాను. బెల్లం ముక్క తిన్నాను. మిరియం ఘాటు గొంతులో వెచ్చగా దిగింది. ఇది నచ్చిందని కూడా పైకే చెప్పాను. ఇంకొకటి తిన్నాను. నా ఇష్టం నా నోటి నుంచి వినడం ఆయనకి అదే మొదలు. చెప్పడం నాకూ అదే మొదలు.

తర్వాత పాపాయి క్యాను తెచ్చి, మిగిలిన నడిమి ముక్కలన్నీ అందులో సర్దాను. తెల్లారి నేనే బజారుకి పట్టుకెళతాను, దాని బుట్టల పక్కన గోనెపట్టా మీద కూర్చుంటాను, నాకెదురుగా అది తినేదాకా కదలను అనుకున్నాను.

"అన్నీ అందులో పెట్టేశావేంటే? మరి వాళ్ళొస్తే? నాకు?"

"గిన్నె ఉంచానండి మీకు. గీకుడు భలే రుచిగా ఉంటుందని మీ అమ్మగారు అనేవారు."

ఆయన గిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఒళ్ళో పెట్టుకున్నారు. చెంచా తీసుకుని నిలువునా గుచ్చి పట్టుకున్నారు. గిన్నె కీచుమంది, పొర ముక్కలు ముక్కలైపోయింది. చెంచా అలా పట్టుకోకూడదు.

నేను చెప్పలేదు.