చేటలకు చోటు

యాకూబు మేస్త్రి సాలవ్వ కొత్తింటి అరుగు బండల సందుల్లో సిమెంటు నింపి, తాపీ మొనతో అంచులు దిద్దుతున్నాడు. ఎల్లారెడ్డిలో ఆయన కట్టిన ఇల్లేదో ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంటి ముందు నలుగురు కూర్చుని ముచ్చట పెడుతుంటే అది ఆయన కట్టిందే.

అదేం పద్ధతో గానీ, పునాదికి ముగ్గు పోసే రోజు ఆయన ముందుగా టేపు తియ్యడు. ఇంటి ఆడవాళ్లను, వాడకట్టు వాళ్లను బీడీలు చుట్టే చేటలతో సహా రమ్మంటాడు. "మీకెట్ల వీలైతే గట్ల కూసోండి" అంటాడు. వాళ్లు నీడ చూసుకుని, గాలి చూసుకుని సర్దుకున్నాక చుట్టూ ముగ్గు పోస్తాడు. అదే అరుగు. ఇల్లు దాని వెనక మొదలవుతుంది. ఎంత చక్కని ఆలోచన! ఇంకే మేస్త్రికీ తట్టలేదు మరి.

సాలవ్వ మట్టిల్లు వానలకు కూలినప్పుడు, ఆమెతో బీడీలు చుట్టేవాళ్లు తలో దిక్కు అయిపోయారు. అప్పట్నుంచి కిరాయి గదిలో గోడకేసి చూస్తూ ఒక్కతే చుడుతోంది. కొత్తింటికి అరుగు ఉండాలని ఆమె ఆశంతా. కొడుకు నవీన్‌కేమో అక్కడ కారు నిలవాలి.

"సాయంత్రం కామారెడ్డి నుంచి వచ్చి చూస్త మామా. అడ్డమనిపిస్తే తీసేద్దాం" అని పొద్దున్నే చెప్పిపోయాడు.

యాకూబు తలూపాడంతే. నోట్లో బీడీ ఆరితే తప్ప మాట రాని మనిషి. మధ్యాహ్నం ఎడమ చెయ్యి గుంజుతోందని కాసేపు రుద్దుకున్నాడు. పొద్దు వాలాక తాపీ కడిగి అరుగు మూలన గోడకు ఆనించాడు.

"సాలవ్వా, అందర్ని పిలువు. ఇగ కూసోవచ్చు."

నవీన్ కారు దిగేసరికి అరుగు నిండిపోయి ఉంది. తల్లి ఎవరి మాటకో పడీపడీ నవ్వుతోంది. ఇల్లు కూలాక ఆ నవ్వు అతను వినలేదు. మూలన యాకూబు గోడకు ఒరిగి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఉండనియ్ మామా. కారు సందుల పెట్టుకుంట" అన్నాడు నవీన్.

యాకూబు కళ్లు తెరవలేదు. సాలవ్వ ఆయన భుజం తట్టింది. మళ్లీ తట్టింది. ఆమె ఒళ్లోని చేట జారి తునికాకు అరుగంతా పరుచుకుంది.

యాకూబును మట్టి చేసి వచ్చిన మర్నాడు ఆడవాళ్లు మళ్లీ చేటలు పట్టుకుని వచ్చారు. ఒకరికొకరు ఒదిగి కూర్చున్నారు గానీ ఆ మూలకు ఎవరూ జరగలేదు. అక్కడ గోడకు ఆనించి, ఆయన కడిగి పెట్టిన తాపీ అలాగే ఉంది.