కుమ్మరామె మొండితనం

వలి బాషా పోయాక ప్రొద్దుటూరులో అతని టైలరు అంగడి మూతపడింది. పక్క మిషను మీద అతనితో సమానంగా కుట్టిన భార్య అఖ్తర్ బీ, ఇల్లు కదలకూడని ఇద్దత్ గడువంతా ఇంట్లోనే గడిపింది. గడువు తీరగానే పులివెందుల నుంచి బావగారు, వలి బాషా అన్న అబ్దుల్ వాహిద్ ఫోన్ చేశాడు. ఆ అంగట్లో తన కొడుకు సెల్‌ఫోన్లు అమ్ముతాడట, తాళంచెవి తెచ్చివ్వమన్నాడు. ఆమె కాదనలేదు.

బయలుదేరుతుంటే కూతురు సుహానా ఒక పలచని పాత కథల పుస్తకం చేతిలో పెట్టింది.

"ధైర్యం చెప్పే పుస్తకాలు నాకొద్దు. కడుపు నిండినోళ్ళు రాస్తారు."

"చదివి తిట్టు అమ్మీ."

జమ్మలమడుగు దాటాక బస్సు టైరు పంక్చరైంది. ఏమీ తోచక అఖ్తర్ బీ పుస్తకం తెరిచింది. అందులో ఒక కుమ్మరామె. కుండలు కాల్చే ఆవంలో అన్నీ పగిలిపోతాయి. ఊరు జాలిపడుతుంది. మళ్ళీ పగులుతాయి. ఊరు నవ్వుతుంది. ఇక నీతి చెబుతారు, ఓపిక పట్టమంటారు అనుకుంది అఖ్తర్ బీ. చెప్పలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళను ఆ కుమ్మరామె "పక్కకు జరగండి, మట్టి తొక్కాల" అని పంపేసింది.

అఖ్తర్ బీకి నవ్వొచ్చింది. ఆ వెంటే, తాళంచెవి ఇవ్వడానికి ఒప్పుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. బస్సు ఎప్పుడు కదిలిందో తెలియలేదు.

పులివెందులలో వాహిద్ వరండాలోనే ఎదురుచూస్తున్నాడు.

"తెచ్చినావా?"

"తెచ్చినా భాయ్. ఇయ్యను."

"ఏంది?"

"ఆయనా నేనూ పెట్టిన అంగడి. నేనే తెరుస్తా."

"మగోడు లేకుండా ఒక్కదానివే కూచుంటావా? నలుగురూ ఏమంటారు?"

"ఆ నలుగురి ఇండ్లల్లో ఆడోళ్ళకు రవికలు కుట్టింది నేనే. ఏమంటారో వాళ్ళనే అననీ."

"అయితే ఇంగ ఈ గడప తొక్కొద్దు!"

"సరే భాయ్," అని టీ కూడా తాగకుండా తిరిగొచ్చేసింది.

మర్నాడు షట్టరెత్తింది. శానా రోజులు ఎవరూ రాలేదు. తర్వాత పక్క వీధి వెంకటమ్మ తన మనవరాలికి లంగా కుట్టమని గుడ్డ తెచ్చింది. పెద్దమనుషులతో చెప్పిస్తానని వాహిద్ కబురు పంపితే, "చెప్పించుకోమను" అని కత్తెర ఆపకుండానే జవాబిచ్చింది.

కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చిన సుహానా అడిగింది. "పుస్తకం ఎట్లుంది అమ్మీ?"

"శానా బాగుంది. కథ కడాకు మాత్రం ఊరోళ్ళొచ్చి తప్పయిందంటారు. రాసినాయప్ప ఆడ మెత్తబడినాడు. తప్పని ఎవురూ అనకపోయినా ఆయమ్మ కుండలు చేసుకుంటాండేది."