అయిదు వందల నలభై మూడేళ్ల గడువు

పాముకాటు మందు సీసా ఎత్తి చూసి నర్సు బువాకేవ్ గతుక్కుమంది. గడువు తీరి ఏడు నెలలైంది. బయట మంచం మీద రైతు కాలు ఉబ్బిపోతోంది.

మందుల గది చూసే విలైవన్ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. గడువు తేదీని అంకెగా మార్చి, అందులోంచి ఈ రోజు అంకెను తీసేసే పట్టిక ఆమె తయారుచేసిందే. గడువు దాటితే గడి ఎర్రబడాలి. ఏడాదిగా ఒక్కటీ ఎర్రబడలేదు. "ఇంకా కళ్లతో చూస్తావేంటక్కా? నిన్ను మ్యూజియంలో పెట్టాలి" అని బువాకేవ్‌ని అందరి ముందూ ఆటపట్టించింది కూడా.

మిగిలిన రోజులు లక్షా తొంభై ఎనిమిది వేలని చూపిస్తోంది పట్టిక. సీసా మీద ఉన్నది అక్కడ వాడే బుద్ధ శకం సంవత్సరం, క్రీస్తు శకం కన్నా అయిదు వందల నలభై మూడేళ్లు ఎక్కువ. దాన్ని ఆమె ఉన్నదున్నట్టు కొట్టింది. కంప్యూటర్ దాన్ని క్రీస్తు శకంగా లెక్కేసింది.

"ఇంకో పెట్టె తియ్యండి, పట్టికలో ఇరవై ఉన్నాయిగా!" డాక్టర్ చమ్నాన్ అరిచాడు.

బువాకేవ్ విలైవన్‌కేసి చూసింది. విలైవన్ తెర మీంచి ఇటు తిరిగింది.

"ఒక్కటీ పనికిరాదు డాక్టరుగారూ, అన్నీ ఒకే గడువువి. తేదీలన్నీ నేనే తప్పుగా ఎక్కించాను. పెద్దాసుపత్రికి పంపెయ్యండి."

ఆమె తల దించుకుని ఏడుపు మింగుతుంటే బువాకేవ్ భుజం తట్టింది.

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు అంబులెన్స్ తలుపు తియ్యి."