అంతరార్థం మాస్టారి కళ్ళజోడు

నిన్నే అడుగుతున్నాను. పుస్తకం సగం కూడా చదవకుండా "అసలు దీని అంతరార్థం ఏమిటంటే" అని గొంతు సవరించుకునేవాడివి నువ్వే కదా? సిగ్గు లేదూ? ఎదుటి మనిషి కాలు నొప్పి అంటే, ఆ కాలు వంక చూడకుండా నొప్పి వెనక ఏముందో చెప్పే తెలివి నీకెవరు నేర్పారు? కూర్చో. నీలాంటివాడి కథే చెబుతాను. విన్నాక కూడా బుద్ధి రాకపోతే నిన్ను బాగుచేసేవాడు ఇక పుట్టలేదు.

ఆయన కాలేజీలో సాహిత్యం చెప్పేవాడు. ఊరంతా ఆయన్ని అంతరార్థం మాస్టారు అనేది. మొహం మీద అన్నా కోపం వచ్చేది కాదు, పైగా మీసం సవరించుకునేవాడు. పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఆ రోజు పాఠం పైకే వల్లెవేసేవాడు. ఆయన భార్య వంటింట్లో టీ పెడుతూ ఒక చెవి అటే పారేసి ఉంచేది.

దానికి కారణం ఉంది. మాస్టారు ఏ వస్తువు గురించైనా "ఇది అది కాదు, ఫలానాదానికి ప్రతీక" అని నమ్మకంగా అన్నాడంటే చాలు, దగ్గర్లో ఉన్న ఆ వస్తువు తన పని మరిచిపోయేది. ఒకనాడు క్లాసులో "గొడుగంటే గొడుగు కాదు, పోయిన పరువు" అన్నాడు. సాయంత్రం పిల్లల గొడుగులన్నిట్లోంచీ, గుడ్డ చిరక్కుండానే, వాన కారింది. గొడుగు వేసుకున్న ప్రతివాడికీ పరువు పోయినట్టే అనిపించి, తల దించుకుని ఇంటికి పోయాడు. ఇంకోసారి భోజనాల బల్ల దగ్గర "కత్తంటే కత్తి కాదు, అనుమానం" అన్నాడు. ఆ కత్తి మరి టమాటా కూడా కోయలేదు. అది బల్ల మీద ఉన్నంతసేపూ మొగుడూ పెళ్ళాలు ఒకరి కంచం ఒకరు అనుమానంగా చూసుకున్నారు.

దీన్నెవరూ వింతగా అనుకోలేదు. ఒకరి చేతికి మొక్క బాగా వస్తుంది, ఒకరి నోటికి ఇలా అవుతుంది, అంతే. ప్రిన్సిపాల్ మాత్రం, "మాస్టారూ, పరీక్షలు దగ్గర పడ్డాయి, కుర్చీల జోలికి పోకండి" అని బతిమాలేవాడు. పని మరిచిన సామాన్లు ప్యూను చక్రాల బండి మీద వేసుకుని స్టోరు గదికి తోసుకుపోయేవాడు.

విరుగుడు లేకపోలేదు. పుస్తకంలో ఆ వస్తువు వచ్చే పేజీ తీసి, ఉన్నది ఉన్నట్టు, తన మాట ఒక్కటీ కలపకుండా ఎవరైనా పైకి చదివితే వస్తువుకి పని గుర్తొచ్చేది. ఆ చదవడం మాస్టారి భార్య చేసేది. మధ్యాహ్నం ప్యూను బండి గుమ్మం ముందు ఆపి, "అమ్మగారూ, ఇవాళ గంటలు. ఒక్క గంటా మోగటంలేదు" అనేవాడు. ఆమె చెయ్యి తుడుచుకుని పుస్తకం తెచ్చి, గుమ్మంలో కూర్చుని చదివేది. గంటలు ఒక్కొక్కటే గొంతు విప్పేవి.

మాస్టారు ఎప్పుడూ చదవలేదు. "చదవడం పిల్లల పనోయ్. విప్పి చెప్పడం నా పని" అనేవాడు.

నిజం చెప్పాలంటే ఆయన చదవడం మానేసి చాలా కాలమైంది. ఆయన ఏళ్ళ తరబడి చెబుతున్నది ఒక పాత నవల. తాళాలు చేసేవాడి సంసారం కథ. మొగుడు దేశాలు పట్టి పోతే, వాడి పెళ్ళాం కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. మాస్టారు కుర్రతనంలో దాన్ని సగం దాకా చదివాడు. మిగతా సగం తన గురువు నోట విన్నాడు. ఆ గురువు కూడా ఇంకెవరి నోటో విన్నాడు. ఆ విన్నదాంతోనే మాస్టారు ఒక గైడు రాశాడు. అందులో పెద్దక్షరాల్లో ఉంది: "తాళాలవాడి భార్య సహనానికి ప్రతీక." పిల్లలు దాన్ని బట్టీ పట్టి, రాసి, పాసయ్యేవారు.

ఒకరోజు ఆయన భార్య అంది, "ఏమండీ, ఆ నవల ఆఖరి దాకా చదివారా? అక్కడ ఆవిడ..."

"నాకు పాఠం చెబుతావా?" అని ఆయన నవ్వేశాడు.

"పాఠం కాదు. నాకొక పని దొరికింది. కంటి ఆసుపత్రిలో, కళ్ళకి కట్లు కట్టిన వాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించాలట. వెళతాను."

"నీ కోరిక వెనక ఉన్నది పని కాదోయ్, ఒక శూన్యం. అసలు ఆసుపత్రి అంటే..."

"ఆగండి! దాని జోలికి పోకండి, లోపల రోగులున్నారు!" అని ఆమె ఆయన నోరు మూసింది. మాట అక్కడే ఆగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు ఎత్తినా ఆయన దాని లోతులు తవ్వాడే గాని, సరే అనో వద్దు అనో ఒక్క మాట అనలేదు. ఆసుపత్రివాళ్ళు ఆ ఉద్యోగం ఆమె కోసం అట్టే పెట్టి ఎదురుచూస్తున్నారు.

ఇంతలో గైడు మళ్ళీ అచ్చయిందని కాలేజీలో మాస్టారికి సభ పెట్టారు. హాలు నిండిపోయింది. ముందు వరసలో భార్య, పక్కన ఆమె అక్క కూర్చున్నారు. అక్క రైలు టిక్కెట్ల కౌంటర్లో గుమాస్తా. ఎక్కడికి, ఎంతమంది, అంతకు మించి మాట వినే ఓపిక ఆవిడకు లేదు.

మాస్టారు లేచి, చదువుకునే కళ్ళజోడు తీసి పైకెత్తి చూపించాడు. "మన నవల్లో న్యాయాధికారికి ఒక కళ్ళజోడు ఉంది. పామరుడికి అది కళ్ళజోడు. నాకు..."

"ఏమండీ, కళ్ళజోడు వద్దండీ!" అని భార్య సగం లేచి అరిచింది.

హాలంతా గొల్లుమంది. మాస్టారి మొహం కందగడ్డ అయింది. ఆపితే భార్యకు లొంగాడంటారు. "నాకు ఇది కళ్ళజోడు కాదు, న్యాయానికి ప్రతీక!" అని ముగించి జేబులో పెట్టుకున్నాడు. నవ్వులు ఆగలేదు. పోయిన గౌరవాన్ని రాబట్టుకోవాలని ఆమె వైపు చెయ్యి చాచాడు.

"నవ్వకండి. నాకోసం ఆమె పడే ఆరాటం చూశారా? తాళాలవాడి భార్యను పుస్తకంలో చదివారు, ఇప్పుడు ఎదురుగా చూడండి. ఈమె నా భార్య కాదు, అసలు మామూలు మనిషే కాదు. సహనానికి ప్రతీక!"

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. ఎవరి చేతిలోంచో గ్లాసు జారి పగిలింది. ఇన్నేళ్ళలో ఆయన మనిషి మీద ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె కూర్చునే ఉంది. చేతులు ఒళ్ళో, పెదవుల మీద చిన్న నవ్వు. రెప్ప వేయడం లేదు. ఊపిరి ఉంది గాని, అది ఆమె ఊపిరిలా లేదు, గదిలో గాలిలా ఉంది. అక్క భుజం పట్టి కుదిపితే ఎండుటాకంత తేలిగ్గా ఊగింది. ఆమెను చూసినవాళ్ళందరికీ ఓర్పు పుట్టింది. బస్సుకి తొందరపడి లేచిన లెక్చరర్లు మళ్ళీ కూర్చున్నారు. మాస్టారి గుండె కూడా ఆమెను చూస్తుంటే నెమ్మదించింది. భయపడదామన్నా ఆమె మీంచి చూపు తిప్పుకోవలసి వచ్చింది. తిప్పుకున్నాడు. అప్పుడు భయం వేసింది.

ప్యూను అలవాటు కొద్దీ బండి తోసుకొచ్చాడు. "స్టోరు గదికేనా సార్?"

ఆ మాట మాస్టారికి చెంప పగలగొట్టినట్టు తగిలింది. "ఇంటికి" అన్నాడు.  మళ్ళీ అన్నాడు, "ఇంటికేరా."

పని మరిచిన గంటల్నీ కుర్చీల్నీ మోసిన ఆ బండి మీదే ఆమెను ఇంటికి తెచ్చారు. ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టగానే మాస్టారు నవల లాక్కుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. పేజీ తెల్లగా ఉంది. తిప్పాడు. అదీ తెల్లగానే ఉంది. తుడిచాడు. మళ్ళీ తెలుపే.

"చదివేది ఆమె, వదినగారూ. ఇప్పుడు ఆమెకి ఎవరు చదువుతారు?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

అక్క పుస్తకం లాగి పక్కన పెట్టింది. "ఇందులో ఉన్నది తాళాలవాడి పెళ్ళాం. నా చెల్లెలు ఏ పుస్తకంలోనూ లేదు. నోటితో చెప్పండి మరిదిగారూ. ఉన్నది ఉన్నట్టు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఆమె భూదేవి లాంటి..."

ఆమె చెంపల్లో మిగిలిన రంగు కాస్తా వెలిసింది.

"లాంటి గీంటి వద్దు! మనిషి గురించి చెప్పండి. టీ ఎలా తాగుతుంది?"

"చక్కెర లేకుండా."

"రెండు చెంచాలు వేసుకుంటుంది. మీరు నవ్వుతారని వంటింట్లో నిలబడే తాగేస్తుంది. ఇంకా?"

"ఆమెకి... సంగీతం..."

"ఏ పాట?"

ఆయనకి పాట తెలియదు.  ఏ కాలికి నొప్పి? ఏ రంగు చీర బీరువా అడుగున దాచింది? ఏ మాటకి నిజంగా నవ్వుతుంది? ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషి. ప్రతి మాటకీ వెనక ఏముందో చెప్పాడు, ముందు ఏముందో ఎన్నడూ చూడలేదు. చెమట కారి కళ్ళజోడు ముక్కు మీంచి జారింది.

అక్క ఆయన్ని పక్కకి నెట్టి, చెల్లెలి ముందు నేల మీద కూర్చుంది. టిక్కెట్లు చింపినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది.

"ఎడమకాలి చిటికెనవేలు వంకర. తలుపుకి తన్నుకుంది, తప్పు తలుపుదే అంది."

కాలివేలు కదిలింది.

"ఒంటరిగా ఉంటే ఈల వేస్తుంది. పేకాటలో మోసం చేస్తుంది, పట్టుబడితే ఏడుస్తుంది. బస్సులో పక్కన ఎవరున్నా సరే, వాళ్ళ భుజం మీద నిద్రపోతుంది. జోకు చెప్పేటప్పుడు అది పూర్తి కాకముందే తనే నవ్వేస్తుంది, మనకి జోకు దక్కదు."

రెప్ప పడింది. చెంపల్లోకి మెల్లగా ఎరుపు వచ్చింది.

"ఇక ఓర్పంటారా? దీనికా? పొయ్యి మీద ఉన్నది చల్లారే దాకా ఆగలేక చిన్నప్పుడు నాలుక కాల్చుకుంది. పండు పండే దాకా ఆగలేక పిందెలు కోసేది. దీని ఒంట్లో ఆవగింజంత కూడా ఓర్పు లేదు. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఉంది, అంతే!"

ఆమె పెద్దగా దగ్గింది. "అక్కా, ఆ పిందెల సంగతి ఎవరికీ చెప్పొద్దన్నానా?"

అక్క ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి భోరుమంది. మాస్టారు గోడకి ఆనుకుని అలాగే జారిపోయాడు.

ఆమె కాసేపు తన చేతులు తిప్పి చూసుకుంది. తర్వాత మొగుణ్ణి చూసింది. "అన్నీ వినబడ్డాయండీ. మీరు చెప్పినవాటిలో ఒక్కటీ నాది కాదు. నేను అక్కతో వెళ్ళిపోతున్నాను."

"తప్పయింది" అన్నాడు ఆయన. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "వెళ్ళేముందు ఆ కళ్ళజోడు పేజీ ఒక్కటి చదివిపెట్టు. రేపు నాకు క్లాసుంది."

అక్క అలాగే నోరు తెరుచుకుని చూసింది. ఆమె మాత్రం లోపలికి వెళ్ళి, బీరువా అడుగున ఉన్న చీర కట్టుకుని, సంచీతో వచ్చింది. "ఆ పేజీ నవల ఆఖర్లో ఉంది. తాళాలవాడి పెళ్ళాం ఏం చేసిందో కూడా అక్కడే ఉంది" అని, గడప దాటి, అక్క కంటే ముందే మెట్లు దిగింది.

ఆమె ఇప్పుడు కంటి ఆసుపత్రిలో చదువుతుంది. కట్లున్న కళ్ళతో మనుషులు నోరు మెదపకుండా వింటారు.

మాస్టారు కొత్త కళ్ళజోళ్ళు చాలా కొన్నాడు. ఆయన ముక్కు మీద పెట్టగానే అవీ పని మరిచిపోయేవి. ఒకరోజు తలవంచి ఆసుపత్రికే వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆమె ఆయన్ని చూసింది, చదవడం ఆపలేదు. నవల ఆఖరి భాగం నడుస్తోంది, న్యాయాధికారి కళ్ళజోడు వచ్చే పేజీ. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటే, చేతిలో ఉన్న ఆసుపత్రి చీటీ మీద అక్షరాలు మంచులోంచి వస్తున్నట్టు వచ్చాయి. అంతలో నవల్లో తాళాలవాడి పెళ్ళాం కిటికీ దగ్గర నుంచి లేచి సుత్తి అందుకుంది. మాస్టారి నాలుక దురద పెట్టింది. "ఇక్కడ సుత్తి అంటే సుత్తి కాదు..." అన్నాడు. నర్సు పరుగున వచ్చి చెయ్యి పట్టి బయటికి పంపేసింది. చదివేదాంట్లో తన మాట కలిపాడు గనక అక్షరాలు మళ్ళీ మంచులో మునిగిపోయాయి. ఆయన్ని ఇక లోపలికి రానివ్వలేదు.

చదవలేని మాస్టారికి కాలేజీ కూడా సెలవు చెప్పింది. ఇప్పుడాయన గుమ్మంలో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. దారిన పోయే పాత శిష్యుణ్ణి చెయ్యి పట్టి ఆపుతాడు.

"నాయనా, ఆ ఆఖరి పేజీలు కాస్త చదివిపెట్టు. తాళాలవాడి భార్య చివరికి ఏం చేసిందో చెప్పు."

శిష్యుడు పుస్తకం తెరవనే తెరవడు. చేతులు కట్టుకుని, తడుముకోకుండా, వినయంగా అప్పజెబుతాడు.

"ఆమె సహనానికి ప్రతీక, మాస్టారూ."